గట్టు అవతలి గడ్డి మందు: బత్తాయి తోట గుత్తదారులు చూడవలసినవి

బత్తాయి తోటను కాపు మీద గుత్తకు పట్టే వర్తకుడు పూత చూస్తాడు, పిందె చూస్తాడు, బోరులో నీరు ఎంత వున్నదో అడుగుతాడు, లారీ తోట దాకా రాగలదా అని దారి చూసుకుంటాడు. గట్టు అవతల ఏ పైరు వున్నదో, దానికి ఏ మందు కొడుతున్నారో అడిగేవారు మాత్రం తక్కువ. నల్లగొండ ప్రాంతంలో పత్తి చేలు, వరి మళ్ళు బత్తాయి తోటలను ఆనుకొనే వుంటాయి. కలుపు తీసే కూలీలు దొరకడం కష్టమై ఆ చేలలో గడ్డి మందు పిచికారి మామూలయింది. గాలి వాలున ఆ మందు తోట మీద పడితే నష్టం రైతుది మాత్రమే కాదు, బయానా ఇచ్చిన వర్తకునిది కూడా.

వడగండ్లు పడితే కాయ మీద దెబ్బ అదే రోజు కనబడుతుంది. ధర తగ్గించి మాట్లాడుకోవచ్చు. గడ్డి మందు సంగతి అలా కాదు. కొన్ని మందుల దెబ్బ మరుసటి చిగురులో గాని బయటపడదు. కాయ నిండుగా, ఆకు పచ్చగా వున్న తోటను ఆగస్టులో చూసి వచ్చే కాపుకు కూడా బేరం కుదుర్చుకున్న వర్తకుడు జనవరిలో వెళ్ళి చూస్తే కొమ్మల చివర సూదుల వంటి ఆకులు కనబడవచ్చు. పూత వుండవలసిన చోట పూత వుండదు. కనుక తోటకు మందు సోకిందా లేదా అన్నంత ముఖ్యమైనదే ఏ మందు సోకింది అన్న ప్రశ్న కూడా. బయానా నిలుస్తుందా, చెట్టు నిలుస్తుందా అన్నది దాని మీదనే ఆధారపడి వున్నది.

గ్లైఫోసేట్

వీటిలో వర్తకుని ఎక్కువగా మోసపుచ్చేది గ్లైఫోసేట్. దీనికి కలుపును చంపే గుణం వున్నదని 1970లో అమెరికాలోని మోన్‌శాంటో కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు జాన్ ఫ్రాంజ్ కనుగొన్నారు. 1974లో అది బజారులోకి వచ్చింది. ఆకు మీద, పచ్చని బెరడు మీద పడిన మందు చెట్టు తయారు చేసుకొనే చక్కెరతోపాటు లోపల ప్రయాణం చేసి వేళ్ళకు, మొగ్గలకు చేరుతుంది. మొక్క తన పెరుగుదలకు తయారు చేసుకొనే కొన్ని ఆమ్లాల తయారీని అక్కడ ఆపివేస్తుంది. ముదురు ఆకు కొన్నాళ్ళు పచ్చగానే వుంటుంది. ఆ తరువాత వచ్చే చిగురు మాత్రం సన్నగా, రిబ్బను ముక్కల వలె, పాలిపోయి, ఒకే చోట గుత్తులుగా చీపురు కట్టలాగా వస్తుంది. దెబ్బ గట్టిదైతే ఈ వికారం రెండు మూడు చిగుళ్ళ దాకా వదలదు.

చట్టం మాట ఎలా వున్నా వాడకం వేరు దారిన నడుస్తున్నది. మన దేశంలో గ్లైఫోసేట్‌కు అనుమతి తేయాకు తోటలలోను, పైరు లేని భూములలోను మాత్రమే. పత్తికి లేదు, బత్తాయికీ లేదు. అనుమతి పొందని, గడ్డి మందును తట్టుకొనే పత్తి విత్తనం చాటుమాటుగా రావడంతో పత్తి చేలలో దీని వాడకం పెరిగింది. అందువల్లనే 2018లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రెండూ దీని అమ్మకంపై ఆంక్షలు పెట్టాయి. పెస్టు కంట్రోలు ఆపరేటర్ల ద్వారా తప్ప వాడరాదని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు జారీ చేసింది. "మా చేనులో అటువంటి మందు కొట్టలేదు" అని పక్క రైతు అన్నంత మాత్రాన వర్తకుడు నిశ్చింతగా వుండనవసరం లేదు. కొట్టకూడని మందును కొట్టానని ఎవరూ చెప్పరు కదా.

మిగతా మందులు

వరిలోను, మొక్కజొన్న, చెరకు చేలలోను వాడే 2,4-డి సంగతి వేరు. ఇది పెరుగుదలను అదుపు తప్పించే మందు. సోకిన ఇరవైనాలుగు గంటలలోనే లేత కొమ్మలు మెలి తిరుగుతాయి, ఆకులు దొప్పలవలె ముడుచుకుంటాయి. ఇక్కడ ఒక వింత వున్నది. కాయ రాలకుండా బత్తాయి, నిమ్మ రైతులు పిచికారి చేసే మందులలో ఇదే 2,4-డి ఒకటి. అయితే అందులో 100 లీటర్ల నీటికి 1 గ్రాము మాత్రమే వేస్తారు. కలుపు కోసం ఎకరాకు 400 గ్రాముల పొడిని 200 లీటర్ల నీటిలో కలిపితే లీటరుకు 2 గ్రాములు అవుతుంది. అంటే రెండు వందల రెట్లు. కాయను పట్టి వుంచే మందే గాలికి ఎగిరి వచ్చినప్పుడు కొమ్మను మెలిపెడుతుంది. మెలి తిరిగిన ఆకు మళ్ళీ సరికాదు. కాని దెబ్బ స్వల్పమైతే తరువాతి చిగురు మామూలుగా వస్తుంది. సోడియం, అమైన్ లవణాల కంటె ఈస్టరు రకం ప్రమాదకరం. అది ఎండకు ఆవిరై, కొట్టినప్పుడు గాలి లేకపోయినా తరువాత తోటలోకి రాగలదు.

పారాక్వాట్ చూడటానికి భయంకరంగా వుంటుంది. మందు చుక్క పడిన చోటల్లా ఒకటి రెండు రోజులలో ఆకు మాడి గోధుమ రంగు మచ్చ అవుతుంది. కాని అది పడిన చోటనే పని చేస్తుంది, చెట్టు లోపల ప్రయాణించి వేళ్ళకు పోదు, మట్టి తగలగానే శక్తి కోల్పోతుంది. ముదురు చెట్టు ఆకు రాల్చి మళ్ళీ చిగురు తొడుగుతుంది. కంటికి ఎక్కువగా కనబడే దెబ్బ చెట్టుకు తక్కువ ప్రమాదం, కంటికి కనబడని దెబ్బ ఎక్కువ ప్రమాదం. బేరగాళ్ళు తలకిందులుగా పడేది ఇక్కడనే. పారాక్వాట్ మచ్చలు చూసి బెదిరి మంచి తోటను వదులుకున్నవారు గ్లైఫోసేట్ సోకిన తోటను పచ్చగా వున్నదని పట్టుకోగలరు. చెట్టు మాట అటుంచి మనిషికి మాత్రం పారాక్వాట్ ప్రాణాంతకం. లోనికి పోతే విరుగుడు లేదు. కాయ కోసే మనుషులను మందు కొట్టిన తోటలోకి వెంటనే దింపరాదు.

అట్రజిన్, డైయురాన్ వంటివి మట్టిలో నిలిచి వేళ్ళ ద్వారా ఎక్కుతాయి. మొక్కజొన్న చేను నుండి వాన నీరు తోటలోకి దిగే పల్లపు భూములలో వీటి భయం వుంటుంది. అట్రజిన్ వల్ల ఆకు అంచులు, ఈనెల మధ్య భాగం పసుపు రంగుకు తిరిగితే, డైయురాన్ వల్ల ఈనెలే పసుపు పచ్చనవుతాయి.

చెట్టు ఇచ్చే సాక్ష్యం

తోటలో కనబడిన ప్రతి వంకర ఆకూ గడ్డి మందు వల్ల వచ్చినది కాదు. జింకు లోపం వున్నా బత్తాయి ఆకు చిన్నదై సన్నబడుతుంది. అయితే అప్పుడు ఈనెలు పచ్చగా వుండి మధ్య భాగం పసుపుగా వుంటుంది. తోట అంతటా అక్కడక్కడ, నెమ్మదిగా కనబడుతుంది. పాముపొడ పురుగు ఆకును ముడిచినప్పుడు ఆకు మీద వెండి తీగ వంటి గీతలు వుంటాయి. 2,4-డి ముడతలో ఆ గీతలు వుండవు. కాయ మీద మంగును, పారాక్వాట్ మచ్చను ఒకటిగా చూడరాదు. మంగు కాయ తోలు మీద గరుకుగా పొరవలె పరుచుకుంటుంది. పారాక్వాట్ మచ్చ చుక్కలు చుక్కలుగా, కొంచెం లోతుగా, మందు వచ్చిన వైపు మాత్రమే వుంటుంది.

గట్టి సాక్ష్యం దిక్కు. గడ్డి మందు దెబ్బ గట్టు పక్క వరుసలో ఎక్కువగా వుండి లోపలికి పోయిన కొద్దీ తగ్గుతుంది. ఒకే చెట్టులో చేను వైపు కొమ్మలు చెడి, ఇవతలి కొమ్మలు బాగుంటాయి. గట్టు మీద వున్న గడ్డి, తీగలు కూడా అదే విధంగా మాడి వుంటాయి. వానాకాలంలో గాలి ఎక్కువగా పడమర, నైరుతి దిక్కుల నుండి వీస్తుంది గనుక పడమటి గట్టున పత్తి వుంటే ఆ వరుసలను ముందు చూడాలి. యాసంగిలో గాలి తూర్పు వైపుకు మారుతుంది. యాసంగి వరిలో నాటిన నాలుగు వారాలకు 2,4-డి కొట్టే రోజులు, సీజన్ కాపుకు బత్తాయి చిగురు వేసి పూతకు వచ్చే జనవరి, ఫిబ్రవరి రోజులు రెండూ ఒకటే. చిగురు ఎంత లేతగా వుంటే దెబ్బ అంత ఎక్కువ. తూర్పు గట్టున వరి మడి వున్న తోటకు పూత చూసి బేరం చేసేవారు వారం పది రోజులు ఆగి మరొకసారి చూడటం మంచిది.

మొదటి రోజు

మందు సోకిన సంగతి వెంటనే తెలిస్తే చేయగలిగింది కొంత వున్నది. మరునాటికి దానిలో సగం చేజారుతుంది. గ్లైఫోసేట్ గాని, 2,4-డి లవణం గాని పడిన కొద్ది గంటలలోపల చెట్టును మంచి నీటితో పై నుండి కింది దాకా ధారాళంగా కడిగితే ఆకు లోనికి పోయే మందు తగ్గుతుంది. ఆలస్యం లేకుండా కడిగితేనే ఫలితం. పారాక్వాట్ అరగంటలోనే లోనికి పోతుంది గనుక కడిగే వ్యవధి దాదాపు దొరకదు. కడగడానికి వాడే పంపు గడ్డి మందు కొట్టిన పంపు కాకూడదు. ఇది చెప్పనవసరం లేని మాటగా తోచవచ్చును గాని, తోటలలో జరిగే ప్రమాదాలలో గాలి వల్ల జరిగేవి కొన్నయితే, పంపులో మిగిలిన మందు వల్ల జరిగేవి మరికొన్ని. నిన్న వరిలో 2,4-డి కొట్టిన పంపుతో ఈ రోజు బత్తాయికి పురుగు మందు కొడితే తోట అంతా ఒకే విధంగా మెలి తిరుగుతుంది. అప్పుడు దిక్కు సాక్ష్యం కూడా వుండదు. సబ్బు పొడి కలిపిన నీటిని రాత్రంతా పంపులో నిలిపి మూడుసార్లు కడిగితే కొంత మేలు. గడ్డి మందుకు వేరే పంపు పెట్టుకోవడమే అన్నిటికంటె మేలు.

ఒకటి రెండు కొమ్మల మీదనే గ్లైఫోసేట్ పడినట్లయితే అది లోనికి దిగకముందే, ఒకటి రెండు రోజులలోపల, ఆ కొమ్మలను కొంత కిందికి తీసివేయవచ్చు. కోసిన చోట బోర్డో పేస్టు పూయాలి. వారం దాటిన తరువాత కోత వల్ల ప్రయోజనం లేదు. మందు అప్పటికే వేళ్ళ దాకా పోయి వుంటుంది. పారాక్వాట్ సోకిన చెట్టుకు అసలే కత్తి పెట్టరాదు. ఆకు రాలిన కొమ్మ చచ్చినట్లు కనబడినా మొగ్గ బ్రతికే వుంటుంది. ఏది చచ్చిందో, ఏది చిగురిస్తుందో తేలే దాకా ఆగి ఎండు పుల్లలను మాత్రమే తీయాలి. ఆకు రాలి ఎండ పడే మొదలుకు, పెద్ద కొమ్మలకు సున్నం పూస్తే బెరడు పగలదు.

ఇక విరుగుడు. చెట్టులోకి పోయిన గడ్డి మందును బయటికి లాగే మందు లేదు. తోట దెబ్బతిన్నదని తెలియగానే టానిక్కు సీసాలు తోట దాకా వస్తాయి. డబ్బు ఖర్చు తప్ప వాటి వల్ల మందు విరగదు. యూరియా ఎక్కువ వేసి చిగురును తొందరపెట్టడం ఇంకా చెడుపు. అట్రజిన్, డైయురాన్ వంటి మట్టిలో నిలిచే మందులకు మాత్రం ఉత్తేజిత బొగ్గు పొడిని పాదులో కలిపితే కొంత మందును అది పట్టి వుంచుతుంది. వంటింటి బొగ్గు ఆ పని చేయదు. గ్లైఫోసేట్, పారాక్వాట్‌లను మట్టే పట్టుకుంటుంది గనుక వాటికి బొగ్గుతో పని లేదు.

చెట్టుకు కావలసింది ఎండిపోకుండా క్రమంగా నీరు, పాదులో ఆకు చెత్త కప్పు, బాగా చివికిన పశువుల ఎరువు. నీరు మొదలుకు తగలకుండా చూడాలి. నిలువ నీరు వేరుకుళ్ళును, బంక తెగులును పిలుస్తుంది. దెబ్బతిన్న వరుసలను పూత కోసం గట్టిగా బెట్టకు వదలకూడదు. మూడేళ్ళలోపు మొక్కల బెరడు పచ్చగా వుండి మందును పీల్చుకుంటుంది గనుక వాటికి అపాయం ఎక్కువ. ముదురు బెరడు అంతగా పీల్చదు.

గుత్త లెక్క

దెబ్బతిన్న తోటను ఎంతకు పట్టాలన్నది వర్తకుని ముందున్న ప్రశ్న. 20 అడుగుల ఎడంగా నాటిన 5 ఎకరాల చదరపు తోటలో సుమారు 550 చెట్లు వుంటాయి, వరుసకు 23 చొప్పున. పడమటి గట్టు వెంట మూడు వరుసలకు మందు సోకినట్లయితే అవి 70 చెట్లు, తోటలో ఎనిమిదో వంతు. ఎనిమిదో వంతు కాపు పూర్తిగా పోయినట్లు లెక్క కట్టినా గుత్తలో ఎనిమిదో వంతుకు మించి తగ్గించమనడం న్యాయం కాదు. మొదటి వరుసలో కొమ్మలు సగం చెడినా మూడవ వరుసలో చివర్లు మాత్రమే చెడతాయి గనుక నిజమైన నష్టం అంతకంటె తక్కువే వుంటుంది. గడ్డి మందు మాట వినగానే గుత్తను సగానికి కోయడం దళారులకు అలవాటు. రైతు అవసరంలో వున్నాడు గనుక అది చెల్లుతుంది. మరునాడు అదే రైతు నష్టాన్ని దాచడం కూడా దాని ఫలితమే. వరుసలు లెక్కపెట్టి బేరం చేస్తే దాచవలసిన అవసరం వుండదు. పంపు వల్ల తోట అంతటికీ సోకినదైతే ఈ లెక్క పనికిరాదు. తరువాతి చిగురు చూచే దాకా బయానా ఆపడమే దారి.

ఒక్క కాపు గుత్తదారుకు చెట్టు ఆయుష్షుతో పని లేదనుకోవడం సహజం. దెబ్బతిన్న చెట్టు మీద పిందె పల్చన చేయాలని రైతు అంటే, కాయ కాయకూ డబ్బు కట్టిన వర్తకుడు ఒప్పుకోడు. ఇద్దరి మాటకూ కారణం వున్నది. లేత చెట్ల మీద, సగానికి పైగా ఆకు పోయిన చెట్ల మీద పిందె తీసివేయవలసిందే. ఆకు లేని చెట్టు మీద కాయ ఎలాగూ ఊరదు, గోలీలంత సరుకును ఆజాద్‌పూర్ మండీకి పంపి వర్తకుడు బావుకొనేది కూడా లేదు. ఆ చెట్లను మొదటనే గుత్త లెక్కలో నుండి మినహాయించుకుంటే పేచీ రాదు. మూడో వరుసలో చెట్ల కాపును ముట్టనవసరం లేదు.

తగాదాలకు మరొక కారణం గుత్తదారులే అవుతున్నారు. కోతకు ముందు పాదులు శుభ్రంగా వుండాలని తోటలో గడ్డి మందు కొట్టిస్తే, కాయ బరువుకు నేల దాకా వంగిన కొమ్మలపై అది పడుతుంది. కింది కాయ రాలుతుంది, వచ్చే కాపుకు కింది కొమ్మలు చెడతాయి. కోత ముందు గడ్డిని కొడవలితో కోయించడమే క్షేమం. మందు తప్పదనుకునే పక్షంలో గాలి లేని వేళ, తక్కువ ఒత్తిడితో, నాజిలుకు గరాటు వంటి తొడుగు తగిలించి, కొమ్మలు పైకి కట్టి కొట్టించాలి. గుత్త కాగితంలో ఈ మాట వ్రాసుకునేవారు తక్కువ.

మందు నేరుగా పడిన కాయను లోడులో కలపరాదు. పైన తుడిచినంత మాత్రాన లోనికి పోయిన మందు పోదు. ప్రత్యేక పరిమితి నిర్ణయించని మందు అవశేషానికి ఐరోపా సమాఖ్య దేశాలలో కిలోకు 0.01 మిల్లీగ్రాము మాత్రమే హద్దు. బయటి దేశాలకు సరుకు పంపే ఎగుమతిదారులకు ఒక్క గంపెడు అటువంటి కాయ చాలును, లోడు అంతా తిరిగి రావడానికి.

వాతావరణం ఆధారంగా ఇచ్చే పంట బీమా వాన, ఎండ, గాలి లెక్కల మీద నడుస్తుంది గాని పక్క చేను మందుకు చెల్లదు. కనుక కాగితమే ఆధారం. నష్టం కనబడిన రోజే తోట యజమాని చేత ఉద్యానశాఖ అధికారికి వ్రాతపూర్వకంగా తెలియజేయించడం, చెడిన కొమ్మలను, బాగున్న కొమ్మలను తేదీతో ఫొటోలు తీయించడం, గట్టు మీది మాడిన గడ్డిని కూడా అందులో చూపడం అవసరం. నెల గడిస్తే కొత్త గడ్డి మొలిచి ఆ గుర్తు పోతుంది. గుత్త పైకాన్ని రెండు మూడు వాయిదాలుగా విడదీసి, బయానా కొద్దిగా ఇచ్చి, ఒక వాయిదాను పిందె నిలిచిన తరువాత ఏప్రిల్‌లో చెల్లించేటట్లు వ్రాసుకుంటే, ఆగస్టులో పడిన మందు జనవరి చిగురులో బయటపడినా లెక్క సరిచేసుకొనే వీలు ఉభయులకూ వుంటుంది.